ఏ పనీ చేయని స్విచ్చు

2012 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి డాలస్ పక్కనున్న ఊరికి వచ్చినప్పుడు నలుగురం కలిసి ఒక అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకున్నాం. తాళం తీసి లోపలికి వెళ్లగానే అందరం తలెత్తి చూశాం. హాల్లో లైటు లేదు. ట్యూబ్ లైట్ లేదు, బల్బు లేదు, కనీసం హోల్డర్ వేలాడుతున్న వైరు కూడా లేదు. సీలింగ్ నున్నగా, తెల్లగా ఉంది. తలుపు పక్కన మాత్రం ఒక స్విచ్చు ఉంది. పైకి వేశాం, కిందికి వేశాం. ఏమీ కాలేదు. "ఇంకా కరెంటు బిల్లు కట్టలేదేమో రా" అన్నాడు మిర్యాలగూడ నుంచి వచ్చిన మా రూమ్మేట్. కానీ వంటగదిలో లైటు వెలుగుతోంది, ఫ్రిజ్ గుర్రుమంటోంది.

మొదటి వారం వంటగది లైటు వెలుతురులోనే హాల్లో పరుపులేసుకొని పడుకున్నాం. ఒక రాత్రి నా ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌కి పెట్టి పడుకుంటే పొద్దునకల్లా చచ్చిపోయి ఉంది. ఛార్జర్ పాడైందనుకున్నా. మధ్యాహ్నం అదే ప్లగ్గులో పెడితే బాగానే ఎక్కింది. రాత్రి మళ్లీ లేదు. రెండు రోజులు ఆ ఛార్జర్‌ని అనుమానించాక ఒక సీనియర్ మా రూముకి వచ్చాడు. నా కథ విని పడీపడీ నవ్వాడు. "అది ల్యాంప్ స్విచ్చు. ల్యాంప్ మీరే కొనుక్కొని ఆ ప్లగ్గులో పెట్టుకోవాలె. పడుకునేటప్పుడు ఎవడో దాన్ని కిందికి కొడుతున్నడు, నీ ఛార్జర్ బందయితుంది."

అమెరికా వచ్చిన ప్రతి తెలుగు కుర్రాడికీ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. చెప్పుకొని నవ్వుకుంటాం. నేనూ పదేళ్లు నవ్వుతూనే చెప్పాను. ఇప్పుడు అలా చెప్పలేకపోతున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ స్విచ్చు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

మన ఇళ్లలో గోడకి ఒక బోర్డు ఉంటుంది. ప్లగ్గు పాయింటు ఉంటే దాని స్విచ్చు దాని పక్కనే ఉంటుంది. టీవీకి ఒకటి, ఇస్త్రీపెట్టెకి ఒకటి. దేనికి ఏది అనేది బోర్డు చూస్తేనే తెలుస్తుంది, ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇక్కడ ప్లగ్గు పాయింటుకి స్విచ్చు ఉండదు. ఒకదాని కింద ఒకటి రెండు మొహాలుంటాయి, రెండింట్లోనూ ఎప్పుడూ కరెంటు ఉంటుంది. కానీ కొన్ని గదుల్లో వాటిలో ఒకదాన్ని తీసుకెళ్లి తలుపు దగ్గరి స్విచ్చుకి కలుపుతారు. దీనికి కారణం ఒక నిబంధన. అమెరికాలో ఇళ్ల వైరింగుకి జాతీయ ఎలక్ట్రికల్ కోడ్ అని ఒకటుంది. మొదటిసారి 1897లో వచ్చింది, మూడేళ్లకోసారి మారుస్తుంటారు. మనుషులుండే ప్రతి గదిలోనూ గోడ స్విచ్చుతో వెలిగే దీపం ఒకటైనా ఉండాలంటుంది అది. వంటగది, స్నానాల గది మినహా మిగతా గదుల్లో పైన దీపం పెట్టకపోయినా పర్వాలేదు, స్విచ్చుతో పనిచేసే ప్లగ్గు పాయింటు ఉంటే చాలు అని వెసులుబాటు ఇచ్చింది. ఇల్లు కట్టేవాడికి సీలింగ్‌లో లైటు పెట్టే ఖర్చు తప్పుతుంది. దీపం తెచ్చుకునే బాధ్యత ఇంట్లో ఉండేవాడిది.

ఆ పాయింటు విప్పి చూస్తే లోపల యవ్వారం చిన్నది. ఒక పక్క ఇత్తడి రంగు స్క్రూలు రెండుంటాయి. వాటి మధ్య వేలిగోరంత రేకు ముక్క ఉంటుంది. అది ఉన్నంతసేపు పైమొహం, కిందిమొహం ఒకటే. కటింగ్ ప్లయర్‌తో ఆ రేకును తుంచేస్తే రెండూ వేరైపోతాయి. ఒకదానికి ఎప్పుడూ కరెంటుండే వైరు, రెండోదానికి స్విచ్చు మీదుగా వచ్చే వైరు బిగిస్తారు. బయటికి మాత్రం రెండు మొహాలూ కవల పిల్లల్లా ఒకేలా ఉంటాయి. కొందరు ఎలక్ట్రీషియన్లు గుర్తుకోసం అలాంటి పాయింటును తలకిందులుగా బిగిస్తారు. అందరూ బిగించరు. ఆ గుర్తు తెలియనివాడికి అదీ ఒక పొరపాటులాగే కనిపిస్తుంది.

2021లో మేం ఇల్లు కొన్నాం. పాత ఇల్లు. హాల్లో తలుపు పక్కన రెండు స్విచ్చులు. ఒకటి వరండా లైటుది. రెండోది ఏ పనీ చేయనిది. అది ఏంటో నాకు తెలుసు, తెలియకపోవడానికి లేదు. కొన్న వారంలోనే ఛార్జర్ పెట్టి చూసి, టీవీ వెనకున్న పాయింటు కిందిమొహం దానిదేనని కనిపెట్టాను. తర్వాత అక్కడే ఇంటర్నెట్ రూటర్ పెట్టి, స్విచ్చు పైకి వేసి వదిలేశాను. వదిలేసి మర్చిపోయాను. ఎవరైనా అడిగితే "అది ఉత్తదే" అని చెప్పడం అలవాటైంది.

2023 దసరా తర్వాత అమ్మా నాయనా వచ్చారు. మాది దేవరకొండ వైపు ఒక చిన్న ఊరు. నాయన ఏడో తరగతి దాకా చదివాడు. వచ్చిన రెండో రోజే ఇక్కడి సంగతి పట్టేశాడు. "ఈడ అన్ని ఉల్టా ఉన్నయి రా. మన దగ్గర కిందికేస్తే ఎలుగుద్ది, ఈడ పైకేస్తే ఎలుగుద్ది." ఇల్లంతా తిరిగి ప్రతి స్విచ్చూ వేసి చూశాడు. హాల్లోకి వచ్చి ఆ రెండో స్విచ్చు చూపించి "ఇదేడికి పోతది?" అని అడిగాడు.

నేను ఫోన్లో ఏదో చదువుతున్నాను. "దానికేం లేదు నాయనా, ఉత్తదే" అన్నాను.

ఏమీ లేనిదాన్ని నాయన పైకి వేసి ఉంచుతాడా? ఆ రోజు ఊరుకున్నాడు గానీ, నవంబరులో ఒక రాత్రి నేను మేడ మీద గదిలో హైదరాబాద్ టీముతో కలిసి కొత్త రిలీజు పెడుతున్నప్పుడు ఉన్నట్టుండి కనెక్షన్ పోయింది. పని సగంలో ఉంది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకొని మళ్లీ లోపలికి వెళ్లేసరికి సగం సర్వర్లు కొత్త వర్షన్‌లో, సగం పాతదాంట్లో. నలభై నిమిషాలు చెమటలు పట్టాయి. కిందికి దిగి చూస్తే హాల్లో రూటర్ మీద ఒక్క దీపం లేదు. గోడ మీద స్విచ్చు కిందికి ఉంది. పడుకోబోయేముందు మంచినీళ్లకి వచ్చిన నాయన గ్లాసుతో నిలబడి ఉన్నాడు.

"నాయనా, నీకు దండం పెడ్త. ఈ ఇంట్ల ఏదీ ముట్టకు. తెల్వకపోతే అడుగు" అన్నాను. గొంతు పెద్దదే అయింది. మా ఆవిడ మెట్ల మీదికి వచ్చి చూసి వెనక్కి వెళ్లింది.

నాయన ఏమీ అనలేదు. గ్లాసు సింకులో పెట్టి పడుకోవడానికి వెళ్లాడు. తెల్వకపోతే అడుగు అన్నాను. ఆయన అడిగాడని, నేనే తప్పు చెప్పానని ఆ రాత్రి నాకు తట్టనే లేదు.

ఆ తర్వాతి వారం ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాను. నవంబరులో గడియారాలు గంట వెనక్కి తిప్పాక ఇక్కడ ఐదున్నరకే పొద్దు గూకుతుంది. మా ఆవిడ పాపని డాన్సు క్లాసుకి తీసుకెళ్లింది. ఇల్లంతా చీకటిగా ఉంది. ఇద్దరూ బయటికి నడకకు వెళ్లారేమో అనుకొని తలుపు తీసి లైటు వేశాను. అమ్మా నాయనా సోఫాలో కూర్చొని ఉన్నారు. టీవీ లేదు, లైటు లేదు.

"లైటన్న ఏసుకోకపోయిన్రు?" అన్నాను.

"ముట్టొద్దన్నవు గద బిడ్డా" అంది అమ్మ. కోపంగా కాదు, మామూలుగా.

వారం నుంచీ ఇలాగే ఉంటున్నారట. మేం వచ్చి లైటు వేసేదాకా కూర్చునేవారు. రాత్రి బాత్రూముకి లేస్తే గోడ తడుముకుంటూ వెళ్లేవారు. నాయన లేచి లోపలికి వెళ్లాక, అమ్మ చిన్నగా చెప్పింది. "మీ నాయన పిసినారితనానికి బందు చేసిండనుకున్నవా? ఏసిన స్విచ్చికి ఏం నడవకపోతే ఆయనకు నిద్ర రాదు. ఇయ్యాల్టి సంది గాదు. మీ చిన్నాయన ముచ్చట నువ్వు మర్సిపోయినవా?"

మర్చిపోలేదు. కానీ ఆ ముచ్చటకీ ఈ స్విచ్చుకీ సంబంధం ఉందని నేను ఎన్నడూ అనుకోలేదు.

సాగర్ డ్యామ్ మాకు దూరమేం కాదు. కృష్ణ నీళ్లు అక్కడి నుంచి ఎడమ కాల్వలో మిర్యాలగూడ వైపు పారతాయి, మా మెరక పొలాలకి ఎక్కవు. మాకున్నది బోర్లు, బోర్ల మీద బత్తాయి తోట. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. వచ్చింది గానీ రోజుకి ఏడు గంటలు, అదీ విడతలుగా, సగం రాత్రిపూట. ఆ కరెంటు కోసం మా ఊళ్లో మగవాళ్లంతా అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకొని పొలాలకి వెళ్లేవాళ్లు. పాములుండేవి, తడి గట్లుండేవి, తెగిన వైర్లుండేవి. అందుకే అందరూ ఆటో స్టార్టర్లు పెట్టించుకున్నారు.

మోటరు స్టార్టర్ చూసినవాళ్లకి తెలుసు. ఆకుపచ్చ బటన్ నొక్కితే మోటరు నడుస్తుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. దాని లోపల ఒక కాయిల్ ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపు అది అయస్కాంతంలా పట్టుకొని ఉంటుంది. కరెంటు పోగానే పట్టు వదిలేస్తుంది. మళ్లీ కరెంటు వచ్చినా మోటరు దానంతటది నడవదు, మనిషి వచ్చి ఆకుపచ్చది నొక్కాల్సిందే. అది లోపం కాదు, కావాలని పెట్టిన జాగ్రత్త. కరెంటు లేనప్పుడు ఎవరో అక్కడ చెయ్యి పెట్టి ఉండవచ్చు గనక. ఆటో స్టార్టర్ చేసే పని ఆ జాగ్రత్తను తీసేయడమే. కరెంటు రాగానే మనిషికి బదులు అది నొక్కుతుంది. రైతుకి రాత్రి నిద్ర మిగులుతుంది.

2006 ఎండాకాలం నేను ఇంటర్ పరీక్షలు రాసి ఇంటి దగ్గరున్నాను. బోరు దగ్గర కేబులు జాయింటు పాడైంది. సాయంత్రం కరెంటు లేని వేళ చూసుకొని చిన్నాయన దాన్ని విప్పి కలుపుతున్నాడు. స్టార్టర్ డబ్బా వేప చెట్టు కింద గదిలో ఉంది, బోరు నుంచి కనపడదు. పగలు నాయన దాన్ని ఆటోలో పెట్టి వచ్చాడు. ఆ మాట చిన్నాయనకి చెప్పలేదు. మోటరు నడవడం లేదు, ఏ చప్పుడూ లేదు, కాబట్టి అంతా బందే ఉందనుకున్నాడు చిన్నాయన. ఆ రోజు కరెంటు వేళ కంటే ముందే వచ్చింది.

చిన్నాయన బతికాడు. కుడి చేతి మూడు వేళ్లు ముడుచుకుపోయాయి, ఇప్పటికీ చాపరావు. ఇంట్లో ఎవరూ నాయనని ఒక్క మాట అనలేదు. చిన్నాయన అసలే అనలేదు. ఆ వారమే నాయన ఆటో స్టార్టర్ పీకి పారేశాడు. తర్వాత పన్నెండేళ్లు, రాత్రి కరెంటు ఉన్నన్నాళ్లూ, రాత్రిళ్లు తనే నడిచి వెళ్లి మోటరు వేశాడు. వేసే ముందు ప్రతిసారీ చీకట్లోకి గట్టిగా అరిచేవాడు: "ఏస్తున్నా!" అక్కడ ఎవరూ లేకపోయినా సరే. సెలవులకి వెళ్లినప్పుడు నాకు ఆ అరుపు నిద్రలో వినపడేది. అదొక అలవాటు అనుకున్నానే తప్ప ఎవరి కోసమని అడగలేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది. భూగర్భ జలాలు అడుగంటుతాయని ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే చెప్పింది. మా ఇంట్లో తీయడానికి అప్పటికి ఏదీ లేదు.

తెలంగాణ పల్లె మీద వచ్చే కథలు నేను కాస్త ఎక్కువే చదువుతాను, అప్పుడప్పుడు వాటి మీద రాస్తాను. నేను చదివినవాటిలో బోరు ఎండిపోవడం, అప్పు, పురుగుమందు డబ్బా చాలాసార్లు కనిపించాయి. స్టార్టర్ డబ్బా దగ్గర ఇద్దరు అన్నదమ్ముల మధ్య చెప్పకుండా ఉండిపోయిన ఒక మాట మాత్రం కనిపించలేదు. రాసేవాళ్లని ఆడిపోసుకోవడానికి కాదు ఇది. ఆ ఇంట్లోనే పెరిగిన నాకే అది కనపడలేదు.

నా వృత్తిలో దీనికి పేరుంది, పుస్తకాలున్నాయి. డోనాల్డ్ నార్మన్ 1988లో వస్తువుల డిజైన్ గురించి ఒక పుస్తకం రాశాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లు చాలామంది చదువుతారు. స్విచ్చుల వరస చూస్తే ఏది ఏ దీపానిదో తెలియకపోవడం వాడేవాడి తప్పు కాదు, అమర్చినవాడి తప్పు అని చెబుతాడు. ఆఫీసులో నేను ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఒకచోట మారిస్తే ఇంకెక్కడో పడిపోయే కోడ్ ఎవరైనా రాస్తే, పక్కన ఒక లైను రాసిపెట్టమని వెనక్కి పంపిస్తాను. నా ఇంటి గోడ మీద మాత్రం అలాంటిదే ఒకటి ఉంటే, అడిగిన మనిషికి ఏమీ లేదని చెప్పాను. నాయన తక్కువ చదువు గురించి, అలవాట్ల గురించి నా మనసులో ఒక తీర్పు సిద్ధంగా ఉంది. అందుకే ఆయన అడిగిన ప్రశ్న ప్రశ్నలా వినిపించలేదు. నిజానికి ఇంట్లో ఆ స్విచ్చు గురించి సరైన ప్రశ్న అడిగింది ఆయన ఒక్కడే. వేసి ఉంది, ఏమీ నడవడం లేదు, అయితే అవతల ఎవరున్నారు?

శనివారం పొద్దున పాప పడక దీపం ఒకటి తీసుకొని నాయన దగ్గరికి వెళ్లాను. "ఏ స్విచ్చు ఏడికి పోతదో చూద్దాం రా నాయనా" అన్నాను. ఆయన నా మొహం చూశాడు. క్షమాపణ అనే మాట మా ఇంట్లో ఎప్పుడూ వాడలేదు. చెప్పులేసుకొని లేచాడు.

ఆయన స్విచ్చు దగ్గర, నేను పాయింటు దగ్గర. ఒక్కో మొహంలో దీపం పెట్టి కూర్చుంటాను. గోడ అవతల నుంచి నాయన అరుస్తాడు: "ఏస్తున్నా!" నేను "ఎయ్యి" అనేదాకా వేయడు. మొదట రెండుసార్లు నాకు నవ్వొచ్చింది. మూడోసారి రాలేదు. పాప మధ్యలో నిలబడి ఇద్దరి మాటలూ అటూ ఇటూ మోసింది. మధ్యాహ్నం దాకా పట్టింది. ఇల్లంతా కలిపి స్విచ్చు మీద నడిచే పాయింట్లు మూడు తేలాయి: హాల్లో ఒకటి, రెండు పడకగదుల్లో ఒక్కోటి. మూడింట్లోనూ కిందిమొహమే. పాప గదిలో దాన్ని నేను రెండేళ్లుగా గమనించనే లేదు.

హాల్లో పాయింటు విప్పి చూపించమన్నాడు. మెయిన్ బాక్సులో దాని బ్రేకర్ కిందికి దించాను. నాయన వెళ్లి తన కళ్లతో చూసి వచ్చి, టెస్టర్ పెట్టించి, అప్పుడు గానీ విప్పనివ్వలేదు. తుంచేసిన రేకు చోటు చూపించాను. తెల్లది న్యూట్రల్, నల్లదాంట్లో ఎప్పుడూ కరెంటు, ఎర్రది స్విచ్చు నుంచి వచ్చేది అని చెబితే ఆగిపోయాడు. "నల్లదాంట్ల కరెంటా? మన దగ్గర నల్లది న్యూట్రల్ గద రా. మనోడెవడన్న తెల్వక పట్టుకుంటే?" ఆ సంగతీ నేను పదకొండేళ్లలో ఆలోచించలేదు.

రూటర్‌ని పైమొహంలోకి మార్చాను. అయినా పేర్లు రాసిపెట్టాలన్నాడు నాయన. తెల్ల టేపు, మార్కర్ తెచ్చిచ్చాను. ఆయన రాత గుండ్రంగా, నెమ్మదిగా ఉంటుంది. "హాలు టీవీ యెనక, కిందిది." "పాప మంచం కాడ." "వరండ లైటు." మా ఆవిడ మొదట గోడలు పాడవుతాయంది, తర్వాత వంటగదివి కూడా రాయమంది.

సాయంత్రం వీడియో కాల్‌లో చిన్నాయనకి అంతా చూపించాను. అక్కడ తెల్లారుతోంది, చాయ్ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకొని ఉన్నాడు. గోడల మీద అన్న రాతలు చూసి నవ్వాడు. "అన్నా, ఏసేటప్పుడు అరిచినవా మల్ల?" అని అడిగాడు. "అరిచిన" అన్నాడు నాయన. ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బత్తాయి రేటు గురించి మాట్లాడుకున్నారు.

అమ్మా నాయనా మార్చిలో వెళ్లిపోయారు. ఈ మధ్య ఇంటికొచ్చిన స్నేహితుడొకడు మెట్ల కింద స్విచ్చు చూసి ఇదేంటన్నాడు. ఆ రోజు ఇల్లంతా వెతికినా దాని అవతల ఏముందో మేం కనుక్కోలేకపోయాం. ఉత్తదేలే అని నేను అనబోతుంటే నాయన దాన్ని కిందికి దించి, మీద టేపు అంటించి, ఒక్క మాట రాశాడు. అది అలాగే ఉంది.

"తెల్వదు."